పైకి చదివి వినిపించదగ్గ నవ్వు పుస్తకాలు

హాస్యం పుస్తకం బాగుందో లేదో తేల్చడానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. పైకి చదవాలి, పక్కన ఒకరు వినాలి. మా అత్తయ్యకి చూపు మందగించిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు ఏదో ఒకటి చదివి వినిపిస్తున్నాను. ఇంగ్లీషు పుస్తకమైతే అప్పటికప్పుడు తెలుగులో చెబుతాను. ఆవిడ మొహమాటానికి నవ్వే మనిషి కాదు. నచ్చకపోతే "ఇక పడుకుందామా" అంటారు. ఆ మాట పడకుండా బయటపడ్డ పుస్తకాలు తక్కువే.

మొదటి మార్కు 'బారిష్టర్ పార్వతీశం'దే. మొక్కపాటి నరసింహశాస్త్రి స్వయంగా ఎడింబరోలో చదువుకుని వచ్చినవారు కాబట్టి ఓడ ప్రయాణం, దొరల పద్ధతులు, అక్కడి హోటళ్ళు అన్నీ కళ్ళారా చూసి రాశారు. కానీ అవన్నీ ఏమీ తెలియని మొగల్తూరు కుర్రాడి కళ్ళతో చూపించారు. పార్వతీశం తెలివితక్కువవాడు కాదు. తెలియదని ఒప్పుకోవడానికి ఇష్టపడడు, అంతే. అందుకే ఏం చేసినా మహా ధీమాగా చేస్తాడు. మద్రాసులో దర్జాగా కొనుక్కున్న టోపీ ఆడవాళ్ళదని తెలిసే ఘట్టం దగ్గర అత్తయ్య నన్ను ఆపి, "అమ్మినవాడు ఎంత నవ్వుకుని ఉంటాడో!" అన్నారు. నాకు ఎప్పుడూ తట్టని కోణం అది. 1920లలో వచ్చిన మొదటి భాగం ఇప్పటికీ ఎక్కడా నలగలేదు. తర్వాతి భాగాల్లో మాత్రం పార్వతీశం పెద్దమనిషి అయిపోతాడు. చదువు, పెళ్ళి, ప్రాక్టీసు వచ్చి చేరతాయి. చెడ్డవి కావు గానీ ఆ నవ్వు మళ్ళీ దొరకదు.

జెరోమ్ కె. జెరోమ్ రాసిన 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' 1889 నాటిది. ముగ్గురు స్నేహితులు, మాంట్‌మొరెన్సీ అనే కుక్క, థేమ్స్ నది మీద పడవ ప్రయాణం. కథ ఇంతకంటే లేదు. మొదటి అధ్యాయంలోనే కథ చెప్పేవాడు బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళి వైద్య గ్రంథం తిరగేస్తాడు. అందులో ఉన్న రోగాలన్నీ తనకున్నాయని తేలుతుంది, ఒక్క మోకాలి జబ్బు తప్ప. అదొక్కటీ తనకెందుకు లేదని చిన్నబుచ్చుకుంటాడు కూడా! ఫోన్లో లక్షణాలు కొట్టి చూసుకుని అర్ధరాత్రి టెన్షన్ పడేవాళ్ళంతా చదవాల్సిన పేజీలివి. అంకుల్ పాడ్జర్ గోడకి పటం తగిలించే భాగం ఇంకా గొప్పది. ఒక్క మేకు కొట్టడానికి ఇంటిల్లిపాదినీ పరిగెత్తిస్తాడు. మేకు పారేస్తాడు, సుత్తి పారేస్తాడు, కోటు మీద తనే కూర్చుని కోటేదని వెతికిస్తాడు. "మీ మావయ్యగారే!" అన్నారు అత్తయ్య. పోయిన మనిషిని తలచుకుని అంత హాయిగా నవ్వడం ఆవిడ దగ్గర నేను అప్పటిదాకా చూడలేదు.

ఇందులో మధ్యమధ్య నది ఒడ్డు చరిత్ర, ప్రకృతి వర్ణనలు వస్తాయి. అవి రాగానే హాయిగా దాటేయండి. నేను దాటేశాను, ఎవరూ పట్టుకోలేదు.

ఇంగ్లీషు హాస్య రచయిత పి.జి. వుడ్‌హౌస్ నాకు ప్రాణం. అత్తయ్య దగ్గర మాత్రం నిలవలేదు. వెండి ఆవు ఆకారంలో ఉన్న పాలజగ్గు కోసం అంతమంది కొట్టుకునే 'ది కోడ్ ఆఫ్ ద వూస్టర్స్' (1938) కథగా చెబితే మామూలుగానే ఉంటుంది. ఆయన మజా అంతా ఇంగ్లీషు వాక్యంలో ఉంది. ఒంటరిగా చదువుకోండి. ఒకటి అవగానే ఇంకోటి మాత్రం మొదలుపెట్టకండి, అన్నీ ఒకటే కథ అనిపిస్తాయి.

స్వీయచరిత్రల్లో జెరాల్డ్ డరెల్ 'మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్' (1956) నిస్సంకోచంగా కొనండి. భర్త పోయిన తల్లి నలుగురు పిల్లలతో గ్రీసు ద్వీపం కోర్ఫూకి వెళ్ళి 1939 దాకా గడిపిన కాలం ఇది. చిన్నవాడు జెర్రీ కంటపడ్డ ప్రతి పురుగునీ ఇంటికి తెస్తాడు. పిల్లల్ని వీపున మోస్తున్న తేలుని అగ్గిపెట్టెలో దాచి పెడతాడు. భోజనాల వేళ పెద్దన్న లారీ సిగరెట్ కోసం ఆ పెట్టే తెరుస్తాడు. తర్వాత ఏమవుతుందో నేను చెప్పను.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లారీ నిజజీవితంలో నవలాకారుడు లారెన్స్ డరెల్. కోర్ఫూలో భార్య నాన్సీతో విడిగా కాపురం ఉన్నాడు. పుస్తకంలో మాత్రం అందరితో కలిసే ఉంటాడు, భార్య ఊసే రాదు. ఇది చెబితే అత్తయ్య, "కథలోంచి వదిననే ఎగరగొట్టినవాడు తేలు గురించి మాత్రం నిజం చెప్పాడంటావా?" అన్నారు. నాకు పట్టింపు లేదు. జీవితచరిత్ర అంటే అక్షరం అక్షరం నిజం కావాలనుకునేవాళ్ళకి ముందే చెబుతున్నానంతే.

ముళ్ళపూడి వెంకటరమణ ఆత్మకథ 'కోతి కొమ్మచ్చి'కి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. వరస లేకుండా ఒక జ్ఞాపకం మీంచి ఇంకో జ్ఞాపకం మీదకి దూకుతారు. చిన్నతనంలో తండ్రి పోవడం, తల్లితో మద్రాసులో పడ్డ పేదరికం, ఇవన్నీ ఎక్కడా మన జాలి అడక్కుండా రాశారు. ఆకలి గురించి నవ్విస్తూ రాయడం చాలా కష్టం. ఇది పైకి చదివితేనే బావుంటుంది, మాటల విరుపులు చెవికి తెలియాలి. బాపు బొమ్మలు మాత్రం అత్తయ్యకి వర్ణించి చెప్పాల్సి వచ్చింది, అది నా వల్ల కాలేదు. సినిమా భాగాల్లో పేర్లు జడివానలా పడతాయి. 'సాక్షి' (1967) రోజుల మనుషులు తెలిసిన అత్తయ్య ఆ పేజీలు మళ్ళీ చదివించుకున్నారు. నేను ఆవులింతలు ఆపుకున్నాను.

డబ్బు పెట్టే ముందు రుచి చూడాలంటే జెరోమ్‌తో మొదలుపెట్టండి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి అధ్యాయంలో వైద్య గ్రంథం దగ్గర నవ్వు రాకపోతే మూసేసి పార్వతీశం దగ్గరికి వచ్చేయండి.