పెద్ద కంపెనీ అప్పును చదవడానికి ఏది మేలు: రేటింగా, బ్యాలెన్స్ షీటా, నోట్సా?

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మిత్రులు, పదవీ విరమణ సొమ్మును డిబెంచర్లలో, అంటే కంపెనీలు అప్పు తీసుకుంటూ జారీ చేసే పత్రాల్లో, పెట్టాలనుకునే ఉపాధ్యాయులు ఈ మధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. కంపెనీ దీర్ఘకాలిక అప్పు ఎంత బరువైనదో తెలియాలంటే రేటింగ్ నివేదిక చాలునా, బ్యాలెన్స్ షీటు చూడాలా, వార్షిక నివేదిక చివరి నోట్స్ దాకా వెళ్లాలా అని. నా పొదుపును ఒక డిబెంచరులో పెట్టే ముందు నేనూ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

కంపెనీ అప్పు తీర్చగలదా అని అంచనా వేసే రేటింగ్ సంస్థ ఇచ్చే నివేదిక నాలుగైదు పేజీల్లో ముగుస్తుంది. ఏ అప్పు ఎంత, ఎప్పటికి తీరాలి, చేతిలో నగదు సరిపోతుందా అన్నవి అందులో ఉంటాయి. మొదలుపెట్టడానికి మంచిదే. అయితే రుసుము చెల్లించేది రేటింగ్ పొందే కంపెనీయే. 2018 ఆగస్టు ఆరంభంలో అత్యున్నత రేటింగులో ఉన్న మౌలిక వసతుల ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్, సెప్టెంబరు ముగిసేలోపే ఎగవేతను సూచించే ‘డి’ శ్రేణికి పడిపోయింది.

బ్యాలెన్స్ షీటు అప్పు మొత్తాన్ని చూపుతుంది గానీ, దీర్ఘకాలిక అప్పు వరుసలో అంకె తగ్గినంత మాత్రాన అప్పు తీరినట్టు కాదు. ఏడాదిలోపు చెల్లించవలసిన భాగం అక్కడి నుంచి స్వల్పకాలిక అప్పుల కిందికి మారి ఉండవచ్చు. బ్యాలెన్స్ షీటు ఎలా ఉండాలో చెప్పే కంపెనీల చట్టం 3వ షెడ్యూలుకు 2021లో చేసిన సవరణ తర్వాత ఆ భాగాన్ని స్వల్పకాలిక అప్పుల కిందే విడిగా చూపుతున్నారు; అంతకుముందు అది ఇతర ఆర్థిక బాధ్యతల్లో కలిసి ఉండేది కనుక, పాత సంవత్సరాలతో పోల్చేవారు ఆ సంగతి గమనించాలి.

నా దృష్టిలో తేల్చి చెప్పేది నోట్స్‌లో ఇండ్ ఏఎస్ 107 అనే భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఇచ్చే గడువుల పట్టిక. ఏడాదిలోపు ఎంత, ఆపై కొన్నేళ్లలో ఎంత, ఐదేళ్లు దాటాక ఎంత చెల్లించాలో అది చెబుతుంది. రాబోయే చెల్లింపులను నేటి విలువకు తగ్గించకుండా, చాలాసార్లు వడ్డీతో కలిపి చూపుతారు కాబట్టి దాని మొత్తం బ్యాలెన్స్ షీటు అంకె కంటే ఎక్కువగా ఉంటుంది. అది పొరపాటు కాదు. 10,000 కోట్ల అప్పున్న రెండు కంపెనీలను ఊహించండి. ఒకటి పదేళ్లపాటు ఏటా 1,000 కోట్లు తీర్చాలి, మరొకటి రెండేళ్లలోనే 6,000 కోట్లు తీర్చాలి. బ్యాలెన్స్ షీటులో మొత్తం అప్పు ఒక్కటే, బతుకులు వేరు. యార్డులో ఇది ఎవరికీ కొత్త కాదు: కోల్డ్ స్టోరేజీలోని సరుకు మీద తెచ్చిన అప్పు ఎంత అన్నదానికంటే, ధర లేని నెలలో వాయిదా వచ్చి పడుతుందా అన్నదే వ్యాపారిని నిద్రపోనివ్వదు.

గడువుల పట్టికలో మొదటి గడి మొత్తాన్ని, అంటే ఏడాదిలోపు చెల్లించవలసినదాన్ని, వ్యాపారం నుంచి వచ్చిన నగదుతో పోల్చి, తర్వాత నగదు ప్రవాహ పట్టికలో పాత అప్పు సంపాదనతో తీరిందా, కొత్త అప్పుతో తీరిందా అని చూడాలి. అనుబంధ సంస్థల కోసం ఇచ్చిన గ్యారంటీలు కంటింజెంట్ బాధ్యతల (ఏదైనా జరిగితేనే మీద పడే బాధ్యతల) నోటులో ఉంటాయి, వాటినీ వదలకూడదు. ఇన్వెస్టర్ల ప్రజెంటేషన్‌లోని నికర అప్పు, అంటే చేతిలోని నగదు తీసేయగా మిగిలిన అప్పు, గడువులను చెప్పదు కనుక దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

నేను చూసిన రెండు కంపెనీలకూ రేటింగ్ ఒక్కటే. తక్కువ అప్పున్న కంపెనీకి అందులో సగానికి పైగా రెండేళ్లలోనే గడువు ముగుస్తుండగా, ఎక్కువ అప్పున్నది ఏటా తన సంపాదనలోంచే తీర్చగలిగేంతగా వాయిదాలను విస్తరించుకుంది. నేను రెండోదాన్నే ఎంచుకున్నాను. కొత్త వార్షిక నివేదిక రాగానే ముందుగా తెరిచేది ఆ పట్టికనే.