థార్ రాక్స్: షోరూం ముందు కాదు, గుంట గట్టు మీద చూడాల్సిన బండి

మహీంద్రా థార్ రాక్స్ గురించి అడిగేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. ముందే నా మాట చెప్తా. తీసుకుంటే ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేది, తీసుకోండి, దానికి డబ్బులు చాలకపోతే ఈ బండి మానేసి అదే రేటులో ఇంకా సుఖంగా ఉండే కార్లు బోలెడున్నాయి, వాటిలో ఒకటి కొనుక్కోండి. వెనక రెండు చక్రాలకే బలం అందే ఫోర్ బై టూ రాక్స్ అంటే మొహం మాత్రమే, దాని వెనక అసలు సరుకు లేదు. ఈ మాటకి కోపం వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, ఎందుకంటే మన ఊళ్లలో రోడ్డు మీద కనిపించే రాక్సుల్లో సగానికి పైన అవే అని నా అనుమానం.

జీపు పిచ్చోళ్లలో రెండు పార్టీలున్నాయి. నెల్లూరులో, ఒంగోలులో పాత మహీంద్రా ఎంఎం 540 జీపులు, 2010లో వచ్చిన మొదటి థార్లు ప్రాణంగా చూసుకునే బ్యాచ్ ఒకటుంది, వాళ్ల దృష్టిలో రాక్స్ జీపే కాదు. "అయిదు తలుపులు, పైన అద్దాల రూఫు, వెంటిలేటెడ్ సీట్లు, ఇంకేముంది అన్నా, పెళ్లికూతుర్ని తీసుకెళ్లే కారు" అని నా మొహం మీదే అన్నాడు ఒకడు. రెండో పార్టీ నాలాంటి వాళ్లది. 2020లో వచ్చిన మూడు తలుపుల థార్ చూసి మనసు పారేసుకుని, వెనక సీట్లోకి అమ్మని ఎలా ఎక్కించాలో అర్థంకాక ఆగిపోయినవాళ్లం. ముందు సీటు మడిచి, వంగి, దూరి వెనక్కి పోవాలి దాంట్లో, నలుగురికే చోటు, డిక్కీలో ఒక బ్యాగు పడితే గొప్ప. 2024 ఆగస్టు 15కి రాక్స్ వచ్చి, అక్టోబరు 3న బుకింగులు తెరిస్తే మొదటి గంటలోనే 1.76 లక్షలు దాటాయంటే ఈ రెండో పార్టీ ఎంత పెద్దదో చూడండి.

మారింది తలుపులు మాత్రమే కాదు. చక్రానికీ చక్రానికీ మధ్య దూరం 2450 మిల్లీమీటర్ల నుంచి 2850కి పెరిగింది, అంటే బండి నడుము నలభై సెంటీమీటర్లు సాగింది. వెనక సస్పెన్షన్ కొత్తది, స్టీరింగ్ ఎలక్ట్రిక్, 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్ ట్యూనింగ్‌ని బట్టి 152 లేదా 175 హార్స్‌పవర్. ఛాసిస్ మాత్రం లారీకి ఉన్నట్టు కింద విడిగా నిచ్చెన ఫ్రేమే, అది మార్చకపోవడం మంచిపని చేశారు. భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు కూడా వచ్చాయి.

ఇక అసలు విషయం. మాది కావలి, రొయ్యల గుంటలు ఇసకపల్లి పక్క. గుంటలున్న ఎవరినైనా అడగండి, కార్తీక మాసం వానల్లో అర్ధరాత్రి ఫోన్ మోగిందంటే కరెంటు పోయిందనో, జనరేటర్ మొరాయించిందనో అర్థం. నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. తార్రోడ్డు దాకా ఏ బండైనా పోతుంది, అక్కణ్ణుంచి గుంట దాకా ఉండే గట్టుతోనే తంటా. అది నల్ల బంకమట్టి. రెండు వానలు పడితే టైరు గాళ్లలోకి మట్టి దూరి, నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు నున్నగా అయిపోతుంది, బ్రేకు కొడితే బండి ఆగదు, పక్కకి జారుతుంది. ఒక పక్క గుంట, ఇంకో పక్క డ్రెయిన్ కాలవ. పాత బండితో అయితే తార్రోడ్డు మీదే వదిలేసి, డీజిల్ క్యాను భుజాన పెట్టుకుని నడిచిపోవడమే, లేదా తెల్లారాక ట్రాక్టర్ పిలిపించుకుని లాగించుకోవడం.

రాక్సుతో అదే గట్టు మీద లో రేంజ్ అనే నిదానం గేర్లలో వేసి, యాక్సిలరేటర్ మీద కాలు దాదాపు తీసేసి పోతున్నా. గొప్పంతా ఇంజన్ బలంలో ఉందనుకుంటారు చాలామంది, అది కాదు, బలం ఎక్కువైతే చక్రం ఊరికే తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది. లో రేంజ్‌లో చక్రం నిదానంగా, ఒకే తీరున తిరుగుతుంది, అదే కావాలి బంకమట్టికి. ఒక వెనక చక్రం గట్టు అంచున పట్టు తప్పి గిర్రున తిరుగుతుంటే, వెనక డిఫరెన్షియల్ లాక్ నొక్కగానే రెండో చక్రం కూడా దానితో సమంగా తిరిగి బండి ముందుకు జరగడం మా గుంట కాపలా ఉండే పెద్దాయన బ్యాటరీ లైటేసి మరీ చూశాడు. "ట్రాక్టర్ కంటే నయమే సామీ ఇది" అన్నాడు. షోరూంలో సేల్స్ కుర్రాడు చెప్పిన వాటన్నిటి కంటే నాకు ఆ సర్టిఫికెట్ ఎక్కువ. ఫోర్ బై టూ వద్దంటున్నది ఇందుకే, ఆ రాత్రి అది తార్రోడ్డు మీదే ఉండిపోతుంది.

నడుము సాగడంవల్ల నష్టం లేదా అంటే ఉంది. పాత జీపు పార్టీ వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఇక్కడుంది. ముందు మూతి ఎత్తు, వెనక ఎత్తు బాగానే ఉన్నాయి, కంపెనీ లెక్కలో 41.7, 36.1 డిగ్రీలు. కానీ మధ్యలో కడుపు తగలకుండా దాటే కోణం 23.9 డిగ్రీలే, పొట్టి థార్ దీనికంటే మెరుగు. గట్టు మీద నుంచి గుంటలోకి దిగే వాలు మొదట్లో, కాలవ గట్టు ఎక్కి అటు దిగేచోట ఈ తేడా కాళ్ల కింద కరకరమని వినబడుతుంది. గట్టు చివర బండి తిప్పడం కూడా ఇదివరకు పెద్ద పని అయ్యేదే కానీ, ఇంటెల్లిటర్న్ అని ఒకటిచ్చారు, లో రేంజ్‌లో తిరిగేటప్పుడు లోపలి వెనక చక్రాన్ని బిగబట్టి దాని చుట్టూ బండిని తిప్పేస్తుంది. వదులు మట్టిలో, ఇసకలో పనికొస్తుంది. గట్టి నేల మీద, తార్రోడ్డు మీద గొప్ప కోసం వాడి టైర్లు అరగ్గొట్టుకోకండి.

ఇసక సంగతికొస్తే ఇక్కడ మారుతి జిమ్నీ వాళ్లకి దణ్ణం పెట్టాల్సిందే. మైపాడు అయినా కొత్తపట్నం అయినా, పొడి ఇసకలో బరువే శత్రువు. జిమ్నీ 1200 కిలోల చిల్లర, రాక్స్ రెండు టన్నులకి దగ్గర. 105 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజన్ ఏం లాగుతుందిలే అని నవ్వేవాళ్లు ఒకసారి ఆ చిన్నది ఇసక మీద తేలిపోవడం చూడాలి. రాక్స్ కూడా పోతుంది, కాకపోతే టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా దించాలి, చక్రం జారితే ఇంజన్ బలం తగ్గించేసే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేయాలి, మధ్యలో ఫోటోల కోసం ఆగకూడదు. గాలి కొట్టే చిన్న కంప్రెసర్ వెంట పెట్టుకోండి, దించిన గాలితో బంకు దాకా పోతే టైరు పక్కలు పాడవుతాయి. ఇంటికి రాగానే అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి, ఉప్పు ఛాసిస్‌ని ఊరికే వదలదు. ఇంకోమాట, డిసెంబరు నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, ఆ నెలల్లో దయచేసి ఒడ్డు మీదకి బండి దించకండి, రీలు ఇంకో చోట తీసుకోవచ్చు.

నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లు అని కంపెనీ చెప్పింది. అది నిలకడ నీళ్లకి. మన్నేరో పాలేరో పొంగి చప్టా మీద నీళ్లు పారుతుంటే దానిలో సగం లోతుకే బండిని తోసేయగలదు, అక్కడ ఏ లో రేంజూ పనిచెయ్యదు, ఆగిపోండి.

ఇంట్లోవాళ్ల సంగతి. అమ్మ మొదటిసారి ఎక్కుతూ "ఏందిరా ఇది, చెట్టెక్కినట్టుండాది" అంది. ఫుట్‌స్టెప్ బిగించుకోవడం తప్పదు. ఎక్కి కూర్చున్నాక మాత్రం వెనక సీటు నిజంగా బాగుంది, కాళ్లు చాపుకోవచ్చు, సీటు వెనక్కి వాల్చుకోవచ్చు, ఏసీ గాలి నేరుగా వస్తుంది. మే నెలలో కావలి ఎండ తెలిసినవాళ్లకి ఈ చివరిదాని విలువ చెప్పక్కర్లేదు. గతుకుల రోడ్డు మీద నిదానంగా పోతుంటే వెనకవాళ్లు అటూ ఇటూ ఊగుతారు, అది మాత్రం పోలేదు, కొత్త సస్పెన్షన్ అని ఎంత పొగిడినా ఇది ఫ్రేమ్ మీద కట్టిన బండి. విచిత్రంగా స్పీడు పెరిగితే సర్దుకుంటుంది. వెనక తలుపు పక్కకి తెరుచుకుంటుంది, స్టెప్నీ బరువంతా దానిమీదే, వెనక ఎవరైనా ఆనించి పార్క్ చేశారంటే సామాను తియ్యడం గోవిందా. డిక్కీ మాత్రం పెద్దది, మేత బస్తాలు, ఏరేటర్ మోటారు ఇబ్బంది లేకుండా పడతాయి.

సీట్ల రంగు గురించి మొదట్లో అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. మట్టిలో తిరిగే బండికి తెల్ల సీట్లు ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో. బుకింగులకి ముందే ఫోర్ బై ఫోర్‌కి మోకా బ్రౌన్ రంగు కూడా ఇచ్చారు కాబట్టి బతికిపోయాం. ఉంటే అదే తీసుకోండి, గుంట దగ్గర్నుంచి వచ్చిన ప్యాంటు తెల్ల సీటు మీద ఎలా ఉంటుందో నేను వర్ణించను.

పదహారో నెంబరు హైవే మీద నెల్లూరు, ఒంగోలు తిరగడానికి ఏ బాధా లేదు, ఆటోమేటిక్ గేర్లు మెత్తగా పడతాయి, ఓవర్‌టేక్‌కి వెతుక్కోవాల్సిన పని లేదు. ఎడాస్ అని, ముందు ఏదైనా అడ్డమొస్తే తనంతట తానే బ్రేకేసే సిస్టం, పై వేరియంట్లలో ఇస్తున్నారు కదా, అది సింగరాయకొండ దగ్గర రాంగ్ రూట్లో వచ్చే బైకుని, ఉలవపాడు దగ్గర మామిడిపండ్ల కోసం ఉన్నట్టుండి ఆగే కారుని చూసి హడలిపోయి బ్రేకేస్తుంది. తప్పు దానిది కాదు. నేనయితే క్రూయిజ్ ఆపేసి నా కాళ్లతోనే నడుపుతా. మైలేజీ ఊళ్లో పది చిల్లర, హైవే మీద పన్నెండు పదమూడు, అంతకంటే ఆశ పెట్టుకోవద్దు. భైరవకోన వైపు, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మలుపుల్లో కాస్త వాలుతుంది, ఎత్తు బండి కదా, కార్లా తోలకూడదు అంతే.

రేట్లు చూస్తే వచ్చినప్పుడు 12.99 లక్షల దగ్గర మొదలు, కానీ అది పెట్రోల్ ఫోర్ బై టూ. ఫోర్ బై ఫోర్ 18.79 నుంచి 22.49 దాకా, అన్నీ షోరూం ధరలే, రోడ్డు మీదకి వచ్చేసరికి ఇంకో నాలుగైదు లక్షలు వేసుకోండి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 40 శాతానికి తగ్గాక కొంత దిగాయి. మాన్యువల్ నడపడం ఇష్టమైతే ఎంఎక్స్ 5 వేరియంట్ ఫోర్ బై ఫోర్ చాలు, నేను తీసుకున్న ఏఎక్స్ 5ఎల్ ఆటోమేటిక్. పైనున్న ఏఎక్స్ 7ఎల్‌కి 19 అంగుళాల చక్రాలు, చూడ్డానికి బాగుంటాయి, మట్టికి మాత్రం 18 వే మంచిది, టైరు పక్క మందం ఎక్కువ ఉంటుంది. ఇక్కడ ఒక షోరూంలో యాక్సెసరీల ప్యాకు తీసుకుంటేనే బండి ముందొస్తుందని చెప్పారు, ఒప్పుకోకండి, ఫుట్‌స్టెప్, మడ్ ఫ్లాపులు బయట బిగించుకున్నా సరిపోతుంది.

సిసలైన మొండి బండి కావాలంటే ఫోర్స్ గుర్ఖా ఉంది, ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులు, 140 హార్స్‌పవర్, అయిదు గేర్ల మాన్యువల్ మాత్రమే. అడవిలో దానికే నా ఓటు, కానీ రోజూ హైవే ఎక్కే పని ఉన్నవాడు దాంతో వేగలేడు. మహీంద్రా వాళ్లని నేను అడిగేది ఒక్కటే, పొట్టి థార్‌కి పెట్రోల్ ఫోర్ బై ఫోర్ ఇచ్చి, రాక్స్‌కి మాత్రం డీజిల్‌తోనే ఎందుకు కట్టేశారు? ఏడాదికి పెద్దగా తిరగని, అయినా మట్టిదారి ఉన్న రైతులు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, వాళ్లంతా ఇప్పుడు జిమ్నీ వైపు చూస్తున్నారు.