ఎరాస్మస్ కోసం బాసెల్, లూథర్ కోసం విట్టెన్‌బర్గ్

జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కి ఒక పూట చాలు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి మాత్రం రెండు రోజులు ఉంచుకోండి, వీలైతే బాసెలే ముందు చూడండి. మేం బెర్లిన్‌లో దిగాం కాబట్టి దగ్గరని విట్టెన్‌బర్గ్‌కే ముందు వెళ్లాం. కాథలిక్ చర్చిని ఎదిరించి ప్రొటెస్టెంట్ శాఖకి దారి తీసిన లూథర్ తన వాదాలు అంటించాడని చెప్పే చర్చి తలుపు చూసి మా ఆయన "ఇంత కొత్తగా ఉందేంటి" అన్నారు. నిజమే, ఇప్పుడున్నది 1858 నాటి కంచు తలుపు. లోపల లూథర్ సమాధికి ఎదురుగా మెలాంక్థాన్ సమాధి ఉంది, 1518లో ఇరవై ఒక్కేళ్లకే ఇక్కడ గ్రీకు చెప్పడానికొచ్చిన పండితుడాయన. జనం లూథర్ దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు, ఈయన్ని పట్టించుకున్నవాళ్లే లేరు. చర్చి గొడవలో గ్రీకు పంతులుకేం పనో బాసెల్ వెళ్లాక గానీ నా బుర్రకెక్కలేదు.

బైబిల్‌లోని కొత్త నిబంధన మూలం గ్రీకే, దాన్ని సూటిగా చదవాలంటే గ్రీకు రావాలి. 1516లో ఎరాస్మస్ అనే పండితుడు ఆ గ్రీకు పాఠాన్ని తన లాటిన్ అనువాదంతో ఫ్రోబెన్ అనే ముద్రాపకుడి దగ్గర అచ్చు వేయించింది ఈ ఊళ్లోనే. దాని 1519 కూర్పు ముందు పెట్టుకునే లూథర్ జర్మన్‌లోకి తెచ్చాడు, 1522లో అచ్చయింది. తర్వాత ఇద్దరికీ చెడింది: మనిషికి స్వేచ్ఛా సంకల్పం ఉందని 1524లో ఎరాస్మస్ రాస్తే, లేదని మరుసటి ఏడు లూథర్ విరుచుకుపడ్డాడు. 1529లో బాసెల్‌లో విగ్రహాలు పగలగొట్టి ఊరు ప్రొటెస్టెంట్ అయ్యేసరికి ఎరాస్మస్ దగ్గర్లోని కాథలిక్ ఊరు ఫ్రైబుర్గ్‌కి మకాం మార్చేశాడు.

మేమూ ఫ్రైబుర్గ్‌లోనే దిగాం, ఎరాస్మస్‌కి మతం భయం, మాకు హోటల్ రేట్ల భయం. తప్పు చేశాం. బాసెల్‌లో బస చేసినవాళ్లకి ఇచ్చే కార్డుతో ట్రాములు, బస్సులు ఉచితం, మ్యూజియం టికెట్లు సగం ధరకే వస్తాయి, మాకేమో రోజూ రైలు ఖర్చు. పైగా మొదటి రోజు సోమవారం పడింది, మ్యూజియంలు చాలావరకు మూత!

కాగితపు మిల్లు మ్యూజియం మాత్రం వదలొద్దు. గుజ్జు నీళ్ల తొట్టిలో జల్లెడ చట్రం ముంచి పైకెత్తి కాస్త కదిపితే నీళ్లు కారిపోయి అడుగున పూతరేకులాంటి పొర నిలిచింది. నాది ఓ మూల చిరిగింది. ఫ్రోబెన్ పుస్తకానికి ఇలాంటివెన్ని వేల రేకులు ఎత్తుంటారో!

ఎరాస్మస్ 1535లో తిరిగొచ్చి మరుసటి ఏడు పోయాడు. కాథలిక్‌గానే పోయిన ఆ గురువుని ప్రొటెస్టెంట్లు తమ పెద్ద చర్చిలోనే సమాధి చేసుకున్నారు. ఎర్రటి పాలరాతి ఫలకం, నిండా లాటిన్. మా ఆయన పేరొక్కటే చదవగలిగారు, నేను అదీ తడుముకున్నాను. చర్చి వెనక మెట్లు దిగితే పడవ రేవు, ఆ పడవ ఇంజను లేకుండా తీగనానుకుని ప్రవాహంతోనే రైన్ నది దాటిస్తుంది, తప్పకుండా ఎక్కండి.