ఉన్న సీడీలనే డిజిటల్‌లో మళ్లీ కొన్నాను: పదేళ్ల అనుభవం

మా ఇంట్లో రెండు వందల పైచిలుకు సీడీలున్నాయి, దాదాపు అన్నీ కర్ణాటక సంగీత కచేరీలే. 2014 నుంచి వాటిలో 30 ఆల్బమ్‌లను డబ్బులిచ్చి డిజిటల్‌లో మళ్లీ కొన్నాను. "ఉన్నదే మళ్లీ కొనడమేంటన్నయ్యా?" అని మా తమ్ముడు అడిగినప్పుడల్లా ఒక డిస్కు తీసి చూపిస్తాను.

అది తోడి రాగం ఉన్న డిస్కు. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత చుక్కలు మూడు వెలుగుతాయి. సీడీ కింది వైపు గీతలు పడితే పాలిష్ చేసి కొంతవరకు కాపాడుకోవచ్చు. కానీ అసలైన అల్యూమినియం పొర ఉండేది పైన, లేబుల్‌కు కిందే, పల్చటి పూత చాటున. అది పోతే ఇక చేసేదేమీ లేదు. మాది విశాఖ, సముద్రానికి దగ్గర, తేమకే పాడైందనుకుంటాను. ఆలాపన మంచి పట్టులో ఉండగా సరిగ్గా అక్కడ ఇరుక్కుని, ఒకే గమకాన్ని తిప్పితిప్పి వినిపించేది. ఓ రాత్రి ఇక భరించలేక డిజిటల్ ఆల్బమ్ కొనేశాను.

బాగున్న డిస్కులను సొంతంగా కాపీ చేసుకోవచ్చు కదా అంటారా, చేశాను. కొత్త ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ లేకపోతే విడిగా కొన్నాను. సీడీలో సాధారణంగా పాటల పేర్లు ఉండవు. సాఫ్ట్‌వేర్ వాటిని నెట్‌లోంచి తెచ్చుకుంటుంది. మన కచేరీల వివరాలు అక్కడ ఎవరూ ఎక్కించకపోతే "ట్రాక్ 01, ట్రాక్ 02" అనే వస్తాయి. కీర్తన, రాగం, తాళం టైప్ చేసేసరికి ఒక్కో డిస్కుకు ముప్పావుగంట. ఉద్యోగం చేసుకుంటూ అది సాగే పని కాదు. అమ్మకేమో పొద్దున పూజవేళకు ఫోన్‌లో పాట మోగాలి. కారులో యూఎస్‌బీ తప్ప ఇంకేమీ లేదు. రెండోసారి డబ్బులు పెట్టింది ఈ వీలు కోసమే.

ధ్వని బాగుంటుందని మాత్రం కొనకండి. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు. మొదట్లో నేను కొన్న ఫైళ్లలో 256. ఆ తేడా నా చెవికి పెద్దగా తెలియలేదు. తెలిసింది రీమాస్టర్ చేసిన, అంటే పాత రికార్డింగ్‌ను మళ్లీ సరిచేసి విడుదల చేసిన ఒక ఆల్బమ్‌లో: శబ్దమంతా పెంచేశారు, గాయకుడు గొంతు తగ్గించి పాడిన చోటూ ఎత్తి పాడిన చోటూ ఒకేలా మోగాయి. డబ్బులు దండగ. ఇంకోదాంట్లో కీర్తనకూ తని ఆవర్తనానికీ (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మధ్య అర సెకను నిశ్శబ్దం. మృదంగం అందుకునే క్షణమే తెగిపోయింది! అందుకే ఇప్పుడు ధ్వనిలో ఏమీ వదలకుండా దాచే ఫ్లాక్ ఫైల్ దొరికితేనే కొంటున్నాను, కొన్న రోజే దింపుకుని రెండు చోట్ల దాస్తున్నాను. ఒక దుకాణం మూతపడినప్పుడు, దింపుకోకుండా వదిలేసిన రెండు ఆల్బమ్‌లు పోయాయి మరి.

వీటన్నిటికంటే బాధ కలిగించేది పక్కవాద్యాల సంగతి. సీడీ అట్ట వెనక వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు అని వరుసగా ఉంటుంది. కొన్న ఫైళ్లలో గాయకుడి పేరొక్కటే. వాళ్లు లేకుండా కచేరీ ఎక్కడిది? అట్టలు ముందేసుకుని ఆ పేర్లన్నీ నేనే ఎక్కిస్తున్నాను. ఇంకా పన్నెండు ఆల్బమ్‌లు మిగిలాయి.