హోమ్ కలెక్షన్ ప్యాకేజీలో యూరిన్ టెస్ట్ కొంటున్నారా? విశాఖవాళ్లు జాగ్రత్త

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ బుక్ చేసి, ఇంటికొచ్చిన కుర్రాడికి రక్తంతోపాటు యూరిన్ డబ్బా కూడా ఇచ్చి పంపేస్తున్నవాళ్లు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఒక్కరి దగ్గరే జరిగే పని కాదు.

గాజువాకలో ఒక ఇంట్లో భార్యాభర్తలకు, అత్తగారికి కలిపి తీసుకున్న ప్యాకేజీ అది. ముగ్గురి రిపోర్టుల్లోనూ స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం) 1.010, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) 6.0, పస్ సెల్స్ (తెల్లకణాలు) 2-4, ఎపిథీలియల్ సెల్స్ (పైపొర కణాలు) 1-2. అక్షరం తేడా లేదు. అత్తగారు షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. చక్కెరను మూత్రంలోకి తోసెయ్యడమే ఆ మందు పని. కిడ్నీలు బాగా పనిచేస్తున్నంతకాలం, రక్తంలో షుగర్ అదుపులో ఉన్నా సరే, యూరిన్‌లో గ్లూకోజ్ గట్టిగా కనబడాలి. ఆవిడ రిపోర్టులో 'నిల్' అని ఉంది. డబ్బాలు తారుమారయ్యాయో, స్ట్రిప్‌లు (మూత్రంలో ముంచితే గడుల రంగు మారే పట్టీలు) పాడైపోయాయో, అసలు పరీక్షే చెయ్యలేదో! ఏదైనా ఆ కాగితానికి విలువ లేదు.

రిపోర్టు పైభాగంలో శాంపిల్ తీసుకున్న సమయం, ల్యాబ్‌కి చేరిన సమయం ఉంటాయి. అంకెలకన్నా ముందు అవి చూడండి. వీళ్ల రిపోర్టుల్లో తీసుకున్నది ఉదయం 6:40, చేరింది 12:15. బ్యాగులో ఐస్‌ప్యాక్ లేదు. మూత్రాన్ని మామూలు గది వేడిలో 2 గంటల్లోపు పరీక్షించాలి, లేదంటే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అలా ఉంచితే 24 గంటల దాకా ఫర్వాలేదు. మన ఊరి ఉక్కపోతలో ఐదున్నర గంటలు బండి మీద తిరిగితే డబ్బాలో బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. అది యూరియాని అమ్మోనియాగా మార్చేస్తుంది కాబట్టి పీహెచ్ పైకి పోతుంది. ఉన్న గ్లూకోజ్ కొంత తినేస్తుంది, ఇన్‌ఫెక్షన్‌కి గుర్తుగా చూసే నైట్రైట్‌ని లేకపోయినా పుట్టిస్తుంది. క్షారగుణం పెరిగేకొద్దీ ఎర్రకణాలు, పస్ సెల్స్ పగిలిపోతాయి, కిడ్నీ లోపలి జబ్బుని పట్టించే కాస్ట్‌లు కరిగిపోతాయి. స్ట్రిప్ మీద ప్రోటీన్ గడి రంగు మారి, లేని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని చూపిస్తుంది. లేని ఇన్‌ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ మింగేవాళ్లు, ఉన్న జబ్బు తెలియక తిరిగేవాళ్లు ఇద్దరూ ఇలాగే తయారవుతారు.

'ఇంటి దగ్గరే రెండు నిమిషాల్లో రిజల్ట్' అనే స్ట్రిప్ టెస్ట్ కూడా చూసి కొనండి. స్ట్రిప్‌లకు తేమ పడదు. సీసా మూత తీసి వదిలేస్తే నైట్రైట్ గడి గాలికే గులాబీ రంగు తిరుగుతుంది. విడి స్ట్రిప్‌లు కవర్లో వేసి ఎవరిచ్చినా తీసుకోవద్దు. సీసా మీద తేదీ చూడండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. గడి గడికీ చూడాల్సిన సమయం వేరు. చాలా రకాల్లో గ్లూకోజ్ 30 సెకన్లకి, ప్రోటీన్, బ్లడ్ 60 సెకన్లకి, ల్యూకోసైట్లు (తెల్లకణాలు) 2 నిమిషాలకి చూడాలి. మీ సీసా మీద ఏది రాసుంటే అదే పాటించండి. ఆ తర్వాత మారే రంగుకి అర్థం లేదు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకుంటే గ్లూకోజ్, బ్లడ్, నైట్రైట్ ఉన్నా కనబడకపోవచ్చు.

డబ్బు కట్టేముందు మైక్రోస్కోపీ చేస్తారా, స్ట్రిప్ ఒక్కటేనా అని అడగండి. సరిగ్గా చేసే ల్యాబ్‌లో 10-12 మిల్లీలీటర్లు తీసుకుని, 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన మడ్డిని మైక్రోస్కోప్ కింద చూస్తారు. అందుకే డబ్బా అడుగున కాస్త పోసిస్తే చాలదు, 30 మిల్లీలీటర్లకి తక్కువ కాకుండా ఇవ్వండి. స్ట్రిప్‌లో బ్లడ్ పాజిటివ్, మైక్రోస్కోపీలో ఎర్రకణాలు నిల్ అని వస్తే ఎందుకని ల్యాబ్‌ని నిలదీయండి. కణాలు పగిలిపోయి ఉండొచ్చు, లేదా కండరాలు దెబ్బతిని వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ వచ్చి ఉండొచ్చు. రెండోది ప్రమాదం, డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తు చూసి కూడా తొందరపడొద్దు. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి కాదు, పరీక్షవారీగా ఇస్తారు. మీ యూరిన్ టెస్ట్ ఆ జాబితాలో ఉందో లేదో అడగండి.

మన వైపు చెప్పి తీరాల్సింది ఇంకొకటి ఉంది. శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చి ఇక్కడ పరీక్షలు చేయించుకునేవాళ్లు చాలామంది. ఆ ప్రాంతంలో కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ తక్కువగానే పోవచ్చు, అసలు పోకపోవచ్చు కూడా. యూరిన్ నార్మల్ అన్నారని ఊరుకోకుండా సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించి తీరాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకి మామూలు స్ట్రిప్ చాలదు. ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి విడిగా అడగాలి. ఆ నిష్పత్తి గ్రాముకి 30 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఉండే తొలిదశని స్ట్రిప్ చాలాసార్లు పట్టుకోలేదు.

వీలైతే ల్యాబ్‌కి వెళ్లి అక్కడే ఇవ్వండి. ఉదయం మొదటిసారి వచ్చే మూత్రం మంచిది. శుభ్రం చేసుకుని, ముందు వచ్చేది వదిలేసి, మధ్యలోది మాత్రం వాళ్లిచ్చిన డబ్బాలో పట్టి, మూత గట్టిగా బిగించండి. ఇంట్లో జామ్ సీసా కడిగి వాడొద్దు. నెలసరి రోజులైతే వాయిదా వేసుకోండి, లేదా ఆ సంగతి రాయించండి. కల్చర్ (ఏ బ్యాక్టీరియానో పెంచి చూసే పరీక్ష) కావాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. ఎపిథీలియల్ సెల్స్ ఎక్కువని వస్తే శాంపిల్ సరిగ్గా పట్టలేదని అనుమానించి మళ్లీ ఇవ్వండి.

ఇప్పటికే ఇలాంటి రిపోర్టు చేతిలో ఉంటే, సమయాలు చూపించి ఉచితంగా మళ్లీ చెయ్యమని రాతపూర్వకంగా అడగండి. చలితో జ్వరం, నడుం పక్క నొప్పి, కంటికి కనిపించేలా రక్తం ఉంటే మాత్రం ఆ రెండో రిపోర్టు కోసం కూర్చోకండి, అదే రోజు డాక్టర్ దగ్గరకి వెళ్లండి.