రెండోసారి చదివితే నిలిచినవి, నిలవనివి

ట్విస్ట్ తెలిసిపోయాక కూడా పుస్తకం మళ్లీ చదవబుద్ధవుతుందా? కొన్నేళ్లుగా చదువుతున్న థ్రిల్లర్లు, రొమాన్సులు, ఫాంటసీలు అన్నిటికీ నేను పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే. మొదటిసారి చదివిన ఊపులో దేనికైనా అయిదు స్టార్లు ఇచ్చేస్తాం. నిద్ర మానుకుని మరీ చదివిన పుస్తకం బాగాలేదనడానికి మనసు కూడా ఒప్పుకోదు. అందుకే కొన్ని నెలలు పక్కన పడేసి మళ్లీ తీస్తాను. కింద రాసినవన్నీ అలా రెండోసారి, కొన్నయితే మూడోసారి చదివాక కలిగిన అభిప్రాయాలు. ముగింపులు బయటపెట్టను, నిశ్చింతగా చదవండి.

ముందు ‘ది హౌస్‌మెయిడ్’. ఫ్రీడా మెక్‌ఫాడెన్ నవల, 2022లో వచ్చింది. జైలు నుంచి పెరోల్ మీద బయటికొచ్చి, ఇల్లు లేక కార్లోనే పడుకుంటున్న మిల్లీకి ఓ డబ్బున్నవాళ్ల ఇంట్లో పని దొరుకుతుంది. ఉండటానికి అటక మీద చిన్న గది ఇస్తారు. దాని కిటికీ తెరుచుకోదు. తలుపు గొళ్లెం బయటివైపు ఉంటుంది. ఓ రోజు అమ్మ అడిగితే ఇంతవరకు కథ చెప్పాను.

“గొళ్లెం బయటుంటే అది గదెలా అవుతుందే? ఆ పిల్ల ఇంకా అక్కడెందుకుంది?” అంది.

“వేరే దిక్కు లేదమ్మా.”

“అయితే దిక్కులేదని తెలిసే పెట్టుకుని ఉంటారు” అని తేల్చేసి పోపు వేయడానికి లేచిపోయింది. అమ్మ ఊహ ఎంతవరకు నిజమో చెప్పను గానీ, ఆ గొళ్లెం ఒక్కటి చాలు పాఠకుణ్ని లోపలికి లాగడానికి. ఆ విషయంలో మెక్‌ఫాడెన్‌కి తిరుగులేదు.

రెండోసారి చదివినప్పుడు నాకు బాగా నచ్చింది ఇంటావిడ నీనా. మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. స్కూల్ మీటింగ్ కోసం రాసుకున్న కాగితాలు మిల్లీ పారేసిందని అరుస్తూ, వంటగది మొత్తం చిందరవందర చేసేస్తుంది. మొదటిసారి ‘ఈవిడకేదో పిచ్చి’ అనుకుని పేజీ తిప్పేస్తాం. నవల సగంలో కథ చెప్పే గొంతు మారి, నీనా వైపు కథ విన్నాక మళ్లీ అదే సన్నివేశానికి వెళితే, ఆ అరుపుల వెనక ఒక లెక్క కనిపిస్తుంది. ఆ లెక్క తప్పకుండా రాసింది రచయిత్రి. అయితే లెక్క తప్ప ఇంకేమీ లేదు. మిల్లీ ఒకే భయాన్ని ఒకే మాటల్లో పదేపదే చెబుతుంది, తోటమాలి ఎన్జో అనుమానంగా చూడ్డానికే పుట్టినట్టుంటాడు. మూడోసారి చదవలేదు, చదవను కూడా. ప్రయాణంలో చదివి ఎవరికైనా ఇచ్చేయండి.

‘ది సైలెంట్ పేషెంట్’ది ఇంకో రకం బాధ. అలెక్స్ మైకలిడీస్ మొదటి నవల, 2019లో వచ్చింది. అలీషియా అనే చిత్రకారిణి భర్తని ముఖంమీద అయిదుసార్లు కాల్చి, ఆ తర్వాత ఒక్క ముక్క మాట్లాడదు. ఆవిడ చేత మాట్లాడిస్తానని థియో అనే సైకోథెరపిస్టు, ఆమె ఉన్న ఆస్పత్రిలో ఉద్యోగం వెతుక్కుని మరీ చేరతాడు. మొదటిసారి చివరి పేజీల్లో నోరెళ్లబెట్టాను. రెండోసారి చదివితే, ఏది ఎప్పుడు జరిగిందో చెప్పకుండా రచయిత ఎక్కడెక్కడ దాటేశాడో చూపించి మరీ చెప్పగలం. అది మోసం కాదు, ఆటలో భాగమే, సరే. కానీ అలీషియా డైరీ ఉంది చూడండి, అది మాత్రం మింగుడుపడలేదు. డైరీ రాసుకునే మనిషి ఎవరైనా, ఎదుటివాడన్న ప్రతి మాటా కొటేషన్లలో, ఎవరు ఎటు తిరిగి ఏ గ్లాసు పట్టుకున్నారో సహా రాసుకుంటారా? ట్విస్టు మీద కన్ను ఉన్నంతసేపూ ఇది పట్టదు. ట్విస్టు తెలిశాక పట్టేది ఇదొక్కటే.

అయినా ఈ పుస్తకాన్ని వదిలించుకోలేదు. కారణం అల్సెస్టిస్. హత్య తర్వాత అలీషియా వేసుకున్న సొంత బొమ్మకి ఆ పేరు పెడుతుంది. గ్రీకు నాటకకర్త యురిపిడీస్ రాసిన నాటకంలో అల్సెస్టిస్ భర్త బదులు తాను చావడానికి ఒప్పుకుంటుంది. హెరాక్లీస్ అనే వీరుడు మృత్యువుతో పెనుగులాడి ఆమెని తిరిగి తెస్తాడు. తిరిగొచ్చిన ఆమె నాటకంలో ఇంక నోరు విప్పదు. మన సావిత్రి యముడితో వాదించి వాదించి భర్తని తెచ్చుకుంది, ఆమె ఆయుధమే మాట. ఇక్కడ భర్త కోసం చావడానికి సరేనన్న మనిషి తిరిగొచ్చి మాట్లాడదు. ఎందుకు మాట్లాడాలి అసలు? ఈ ఒక్క ప్రశ్న కోసం నవల మళ్లీ తిరగేశాను. థ్రిల్లర్‌గా అయిపోయిన పుస్తకం, ఆ బొమ్మ దగ్గర మాత్రం ఇంకా అయిపోలేదు.

ఇలాంటివాటిలో ఎన్నిసార్లయినా చదవగలిగింది నాకు ఒకటే దొరికింది. రిచర్డ్ ఆస్మన్ ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’, 2020. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలో ఒక రిటైర్మెంట్ విలేజ్. అక్కడ నలుగురు పెద్దవాళ్లు గురువారం గురువారం కూర్చుని తేలని హత్యకేసులు తవ్వుతుంటారు. హంతకుడెవరో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు, అవసరమూ లేదు. రిటైరైన నర్సు జాయిస్ రాసే డైరీ కోసం చదువుతాను. శవం గురించి చెబుతూ చెబుతూ మధ్యలో కేకు గురించి చెబుతుంది, మళ్లీ శవం దగ్గరికొస్తుంది. డైరీ అంటే అలా ఉండాలి. డిటెక్టివ్ యుగంధర్ పుస్తకాలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరానికి ఇంత నెమ్మది కథ విసుగనిపించవచ్చు. ఆ ఇంట్లో పుట్టిన నాకు మాత్రం హాయిగా ఉంది.

రొమాన్స్‌కి ఈ పరీక్షతో ఇబ్బందే లేదు, ఎందుకంటే ముగింపు అట్ట చూడగానే తెలిసిపోతుంది. ఇద్దరూ కలుస్తారు. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి రచయిత్రి బుర్ర పెట్టాల్సిందల్లా ఎలా కలుస్తారన్నదాని మీదే. ఎనిమీస్ టు లవర్స్, అంటే మొదట పడనివాళ్లు తర్వాత ప్రేమలో పడే కథలు అని ఇప్పుడు సోషల్ మీడియాలో ఊదరగొడుతున్నారు గానీ, పొగరుబోతు హీరో, ఆత్మాభిమానం తప్ప ఆస్తి లేని హీరోయిన్ తెలుగు పాఠకులకి కొత్తా? యద్దనపూడి ‘సెక్రటరీ’ చదివినవాళ్లెవరూ జయంతి, రాజశేఖరంల కథ చివర ఏమవుతుందోనని టెన్షన్ పడి ఉండరు. అయినా అట్టలు ఊడిపోయేదాకా చదివారు.

ఎమిలీ హెన్రీ ‘బీచ్ రీడ్’ (2020) ఆ కోవలోదే. పేరు చూసి తేలికపాటి పుస్తకం అనుకుంటాం. జాన్యువరీ అనే రొమాన్స్ రచయిత్రి, తండ్రి చనిపోయాక ఆయనకి ఇంకో స్త్రీతో సంబంధం ఉండేదని తెలుసుకుంటుంది. ఆయన వదిలిపోయిన సరస్సు ఒడ్డు ఇంటికి, దాన్ని అమ్మేద్దామని వస్తుంది. ప్రేమ మీద నమ్మకం పోయింది, రాయాల్సింది మాత్రం ప్రేమకథ. పక్కింట్లో గస్, కాలేజీ నాటి పోటీదారు. సీరియస్ నవలలు రాస్తాడు, ఆ గీరా ఉంది. ఇద్దరూ పందెం వేసుకుంటారు: ఈ ఎండాకాలం నీ తరహా కథ నేను, నా తరహా కథ నువ్వు రాయాలి.

రెండిళ్ల వంటగదుల కిటికీలు ఎదురెదురుగా ఉంటాయి. రాసుకుంటూ రాసుకుంటూ కాగితం మీద పెద్దక్షరాల్లో ఏదో రాసి కిటికీకి ఎత్తి చూపించుకుంటారు. మొదటిసారి అది సరదా. రెండోసారి చదివినప్పుడు, ఎదురుగా నిలబడి నోటితో అనలేనివన్నీ ఆ కాగితాల వెనక ఎలా దాక్కుంటున్నాయో తెలిసింది. ముగింపు ముందే తెలియడం వల్ల నష్టపోయింది ఏమీ లేదు. తండ్రిని ప్రేమించాలో ద్వేషించాలో తేల్చుకోలేని పేజీలైతే రెండోసారే ఎక్కువ తగిలాయి. చివరి యాభై పేజీల్లో అపార్థాన్ని కొంచెం సాగదీసింది, అది ఈ తరహాకి మామూలే.

ఆవిడదే ‘బుక్ లవర్స్’ (2022) నాకు ఇంకాస్త ఎక్కువ ఇష్టం, కారణం మరీ మనది. మన సినిమాల్లో పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయిని కాదని హీరో పల్లెటూరి మరదల్ని చేసుకుంటాడు కదా. ఆ కాదన్న అమ్మాయి తర్వాత ఏమైందని ఎవరైనా అడిగారా? హెన్రీ అడిగింది. నోరా న్యూయార్కులో లిటరరీ ఏజెంటు, అంటే రచయితల తరఫున ప్రచురణకర్తలతో బేరాలాడే మనిషి. ఆమె బాయ్‌ఫ్రెండ్లు ఒకరి తర్వాత ఒకరు ఏదో చిన్న ఊరికి వెళ్లి అక్కడి అమ్మాయితో స్థిరపడిపోతుంటారు. ఆవిణ్ని మార్చకుండా, వంట నేర్పించకుండా, ఉద్యోగం మాన్పించకుండా కథ నడపడం నాకు గొప్పగా అనిపించింది. చెల్లెలు లిబ్బీతో ఉన్న బంధం ప్రేమకథని మించిపోయింది.

కొలీన్ హూవర్ ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ గురించి రెండు ముక్కలే. 2016 నాటి పుస్తకం, బుక్‌టాక్ (టిక్‌టాక్‌లో పుస్తకాల వీడియోలు) పుణ్యమా అని 2021 తర్వాత ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా కుప్పలుగా కనిపించింది. భర్త కొట్టే కథని పువ్వుల అట్టేసి రొమాన్స్ అల్మారాలో పెట్టడం అన్యాయం. చదవాల్సిన పుస్తకమే, కానీ ఏమిటో తెలుసుకుని చేతిలోకి తీసుకోండి.

ఫాంటసీ దగ్గరికొస్తే, మనవాళ్లు ఎక్కువమంది పట్టించుకోని ‘ది జాస్మిన్ థ్రోన్’ ముందు చెప్పాలి. తాషా సూరి, 2021. మన దేశపు వాసన ఉన్న ఊహాలోకం. చితి ఎక్కి మంటల్లో కలిసిపోయిన స్త్రీలని తల్లులుగా కొలిచే సామ్రాజ్యం అది. చక్రవర్తి తన చెల్లెలు మాలినిని కూడా అలాగే చితి ఎక్కమంటాడు. కాదన్నందుకు పాడుబడ్డ గుడిలో ఖైదు చేయిస్తాడు. ఆ గుడి శుభ్రం చేయడానికి వెళ్లే పనిమనిషి ప్రియ. ఈ ఇద్దరి మధ్యా పుట్టే ప్రేమ నమ్మకం మీద నిలబడింది కాదు, అవసరం మీద నిలబడింది. అందుకే దాని మీద ఆసక్తి పోదు. ఊళ్లో ఒక జబ్బు ఉంటుంది, మనిషి చర్మంలోంచి ఆకులు, పూలు మొలుస్తాయి. మొదటి వంద పేజీలు నెమ్మది, ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి వైపు నుంచి నడుస్తుంది, పేర్లు కలగాపులగం. మొదటిసారి రెండుచోట్ల ఆపేద్దామనుకున్నాను. రెండోసారి ఆ వంద పేజీలే బంగారం. పాలకుడి భార్య భూమిక, నిండు గర్భిణి, పైకి మెతక మనిషి. ఆవిడ మొదట్లో అన్న ప్రతి మాటకీ కింద ఇంకో మాట ఉందని అప్పుడు గానీ అర్థం కాదు. మూడు భాగాలు, 2024లో పూర్తయింది. సగంలో వేలాడదీస్తారేమో అన్న భయం లేదు.

ఆ భయం పూర్తిగా ఉన్నది రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’తో. 2023లో వచ్చి ఊపేసిన డ్రాగన్ల కథ. లోపాలు చెప్పడం మొదలెడితే ఆగదు. రాజ్యం, యుద్ధం అంతా అట్టడుగున పలచగా ఉంటాయి. కత్తులు పట్టుకున్నవాళ్లు ఇప్పటి అమెరికా కాలేజీ పిల్లల్లా మాట్లాడతారు. హీరో జేడెన్ కండల వర్ణనకి అయిన కాగితంలో ఇంకో అధ్యాయం రాయొచ్చు. రెండో భాగం ‘ఐరన్ ఫ్లేమ్’ అదే ఏడాది నవంబర్‌లో తెచ్చేశారు, ఆ తొందర ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. 2025 జనవరిలో వచ్చిన ‘ఓనిక్స్ స్టార్మ్’ చదువుతుంటే ఎవరు ఎవరో రాసిపెట్టుకోవడానికి పక్కన కాగితం పెట్టుకోవాల్సి వచ్చింది.

మరి మొదటి భాగం మళ్లీ ఎందుకు చదివానంటే, వాయొలెట్ కోసం. పుస్తకాల మధ్య పెరిగిన పిల్ల, సైన్యాధికారి అయిన తల్లి బలవంతం మీద డ్రాగన్ రైడర్ల శిక్షణకి వస్తుంది. చేరాలంటే ముందు ఎత్తైన సన్నటి రాతి వంతెన దాటాలి, వాన పడుతోంది, పడినవాళ్లు చచ్చిపోతారు. ముందు నిలబడ్డ రియానన్ బూట్లు జారేవని చూసి, తన బూట్లలో ఒకటి విప్పి ఇచ్చి, ఆమెది ఒకటి తాను వేసుకుంటుంది. ఇద్దరికీ ఒక్కో కాలికి పట్టు. అప్పుడే పరిచయమైన మనిషి! వాయొలెట్ ఎలాంటిదో చెప్పడానికి ఆ ఒక్క బూటు సరిపోయింది. వంతెన మీద భయమేస్తే తనకొచ్చిన చరిత్ర పాఠం వల్లె వేసుకుంటుంది, నేను కూడా అలాగే ఏదో ఒకటి గొణుక్కునే రకం కాబట్టి మరీ దగ్గరైపోయింది. ఆమె కీళ్లు ఊరికే పక్కకి తప్పుకుంటాయి. రచయిత్రికి కూడా ఎహ్లర్స్-డాన్లోస్ అనే కీళ్లు పట్టుతప్పే సమస్య ఉంది, అందుకే మోకాలికి కట్టు కట్టుకోవడం, నొప్పి ముందే పసిగట్టి అడుగు మార్చుకోవడం లాంటివి కల్పించినట్టుండవు. మాయ వచ్చి ఆ నొప్పి నయం చేసేయదు. డ్రాగన్ మీద కూర్చోవడానికి జీను కావాలంటే, తక్కినవాళ్లు ఏమనుకున్నా, జీను వాడుతుంది.

ఇక ఆ నల్ల డ్రాగన్, టైర్న్. అందరి మీదా చిరాకే. వాయొలెట్ తెలివితక్కువ పని చేసినప్పుడల్లా ఇంట్లో ముసలి మావయ్యలా సణుగుతాడు, అవసరానికి మాత్రం అందరికంటే ముందుంటాడు. మొత్తం అయిదు పుస్తకాలట. నాలుగోది వచ్చిన రోజు కొంటాను, మొదటి యాభై పేజీలు తిట్టుకుంటాను, టైర్న్ నోరు విప్పగానే సర్దుకుంటాను.