బిట్రగుంట ఫైర్‌మన్‌తో టాలిలిన్ రైలెక్కాం

మా మామగారు బిట్రగుంట లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ అయిన మనిషి. ఆవిరి ఇంజన్లు పోయాక డీజిలు మీద, ఆ తరువాత విద్యుత్ ఇంజన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. అయినా ఇంట్లో రైలు ఊసు వచ్చిందంటే ఆయన మాట బొగ్గు దగ్గరికే వెళుతుంది. కిందటి వేసవిలో బర్మింగ్‌హామ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు ఆయనకు లండన్ చూపిద్దామని మావారు అన్నారు. ముందు టవిన్ తీసుకెళదామని నేను పట్టుబట్టాను. ముగ్గురు పెద్దవాళ్లం, ఎనిమిదేళ్ల మా అబ్బాయి, మూడు రాత్రులు. ఆ మరుసటి వారం లండన్ కూడా చూశారు. ఊళ్లో వాళ్లకు ఫోనులో చెబుతున్నది మాత్రం టవిన్ గురించే.

టవిన్ వేల్స్ పడమటి తీరంలో, కార్డిగన్ అఖాతం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడి నుంచి కొండల్లోకి దాదాపు పదకొండున్నర కిలోమీటర్లు పోయే బుల్లి రైలుమార్గమే టాలిలిన్ రైల్వే. ఆ పేరు చివరి ‘లి’ని అక్కడివాళ్లు నాలుకను అంగిలికి ఆనించి, పక్కల నుంచి గాలి ఊదుతూ పలుకుతారు. మన అక్షరమాలలో ఆ ధ్వని లేదు. మూడు రోజులు సాధన చేసి మా ఇంట్లో మా అబ్బాయి ఒక్కడే పట్టుకున్నాడు. పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల మూడంగుళాలు. మన బ్రాడ్‌గేజి ఐదున్నర అడుగులని గుర్తుచేసుకుంటే ఎంత ఇరుకో తెలుస్తుంది. మూతపడబోతున్న రైలును జీతం లేని కార్యకర్తలు చేతుల్లోకి తీసుకుని నడపడం ప్రపంచంలో మొదట జరిగింది ఇక్కడే, 1951లో.

బర్మింగ్‌హామ్ న్యూస్ట్రీట్ నుంచి టవిన్‌కు మామూలు రైల్లో దాదాపు మూడు గంటలు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మఖన్లెత్ స్టేషనులో రైలు రెండుగా విడిపోతుంది. సగం పెట్టెలు అబెరిస్ట్‌విత్‌కు, మిగతా సగం మన దారికి. ఏ పెట్టెలో కూర్చోవాలో ఎక్కేటప్పుడే అడగాలి. మేము అడగలేదు, మఖన్లెత్‌లో సామాన్లు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తవలసి వచ్చింది. ఆ తరువాత డవీ నది ఏటిముఖం వెంట, నీళ్లను ఒరుసుకుంటూ సాగే దారి చూశాక ఆ అలసట మరిచిపోయాం. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి.

బసలో మొదటి రాత్రి పొరపాటు చేశాం. సముద్రం కనిపిస్తుందన్న మాట ఒక్కటే చూసి ఒక పాతకాలపు గెస్ట్‌హౌస్‌లో గది తీసుకున్నాం. గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. మామగారి మోకాళ్ల సంగతి బుక్ చేసేటప్పుడే రాశాను, ఎవరూ చదివినట్టు లేదు. స్నానానికి నీళ్లు గోరువెచ్చగానైనా రాలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు కింది అంతస్తు గది ఉందా అని ఫోను చేసి మరీ అడగండి. మిగతా రెండు రాత్రులు టాలిలిన్ రైలు స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో, వంటగది ఉన్న ఇల్లు అద్దెకు దొరికింది. సముద్రం కనిపించదు గానీ, కుక్కరు పెట్టుకుని పప్పు, అన్నం, వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడితో రాత్రి భోజనం చేశాం. ఖర్చు కూడా తగ్గింది. సముద్రపు ఒడ్డు ఎటూ పది నిమిషాల నడకే.

టాలిలిన్ రైలు బయలుదేరే చోటును వార్ఫ్ స్టేషను అంటారు. పెద్ద రైలు స్టేషను నుంచి కొన్ని నిమిషాల నడక. వార్ఫ్ అంటే రేవు. అయితే ఇది ఓడరేవు కాదు, కొండల నుంచి వచ్చిన పలకరాయిని పెద్ద రైలు వ్యాగన్లలోకి ఎత్తిన చోటు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లకు ఆ రాయి కొత్తది కాదు, అదే నలుపు, అదే నునుపు. మనం దాని మీద ఓనమాలు రాసుకున్నాం, వీళ్లు ఇళ్ల పైకప్పులకు కప్పుకున్నారు. బ్రిన్ ఎగ్లూయిస్ అనే గని నుంచి ఆ రాయిని దించడానికే 1860ల్లో ఈ లైను వేశారు. 2021లో యునెస్కో వాయవ్య వేల్స్ పలకరాతి సీమను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ గని, ఈ రైలు కూడా అందులో చేరాయి.

వేల్స్‌కు ఏటేటా వెళ్లే మాకు ఈ రైలు కథలో బర్మింగ్‌హామ్ వాటా ఇంత ఉందని తెలియదు. గని యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ తాను బతికున్నంత కాలం రైలు ఆపనని మాట ఇచ్చి, నష్టం వచ్చినా నడిపాడు. 1946లో గని కూలి మూతపడింది. 1948లో బ్రిటన్ రైళ్లన్నీ ప్రభుత్వపరమైనప్పుడు ఈ చిన్న లైను ఆ జాబితాలోకి ఎక్కలేదు. 1950 జులైలో హేడన్ కన్నుమూశాడు. అదే ఏడు అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లోని ఇంపీరియల్ హోటల్లో రచయిత టామ్ రోల్ట్, మరికొందరు కలిసి సభ పెట్టి, రైలును కాపాడే సంఘానికి అంకురం వేశారు. 1951 మే 14న సంఘం చేతి మీదుగా తొలి రైలు కదిలింది. అప్పటికి పట్టాలు గడ్డిలో మునిగిపోయి ఉన్నాయి. రెండు సొంత ఇంజన్లలో ఒకటి మూలపడింది. 1866 నాటి డోల్గోఖ్ ఒక్కటే రైలంతా లాగింది. పక్క లోయలో 1948లో మూతపడిన కోరిస్ రైల్వేదీ ఇదే అరుదైన గేజి. దాని ఇంజన్లు రెండింటిని ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. వాటి అంకెలు అప్పటికే 3, 4. ఇక్కడి వరుసలో సరిగ్గా ఒదిగిపోయాయి.

మేము ఎక్కిన రైలుకు కట్టింది ఆ నాలుగో నంబరే, ఎడ్వర్డ్ థామస్, 1921 నాటిది. పెట్టెల్లో కొన్ని 1860ల నాటివి. వాటిని తయారుచేసిన బ్రౌన్ మార్షల్స్ కార్ఖానా బర్మింగ్‌హామ్‌లోదే.

మామగారు వెంటనే పెట్టెక్కలేదు. ఒక చివర నుంచి రెండో చివరదాకా నడిచి, “అమ్మా, తలుపులన్నీ ఒకవైపే ఉన్నాయేమిటి?” అన్నారు. నేనది గమనించనే లేదు. గార్డును అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. 1866లో ప్రభుత్వ తనిఖీ అధికారి వచ్చి కొలిచినప్పుడు, లైను మీది వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య ఉండవలసినంత ఖాళీ లేదని తేలిందట. వంతెనలు పగలగొట్టి కట్టే స్తోమత కంపెనీకి లేదు. అందుకని ఒకవైపు తలుపులు శాశ్వతంగా మూసేసి, వంతెనల కింద పట్టాలను కొంచెం పక్కకు జరిపారు. నూట యాభై ఏళ్లు దాటినా ఆ ఏర్పాటే నడుస్తోంది. మామగారు రైలు కదిలాక మొదటి వంతెన కింద తల బయట పెట్టకుండా, అరచేతి మందాన గోడ కదిలిపోవడం చూసి, “నిజమే” అని తల ఊపారు.

రైలు పరుగు చాలా నెమ్మది. ఒకపక్క గొర్రెలు, రాతి కంచెలు, ఇంకోపక్క లోయ అడుగున ఏరు. డోల్గోఖ్ అనే చోట మూడు కమానుల వంతెన దాటాక ఇంజను నీళ్లు పట్టుకుంటుంది. అక్కడ దిగితే జలపాతం దగ్గరికి కొద్దిపాటి నడక. రోజంతా ఎక్కి దిగే టిక్కెట్టు తీసుకుంటే మళ్లీ వచ్చే రైలు ఎక్కవచ్చు. మేము మొదటిరోజు అలాగే చేశాం. పిల్లలు ఉన్నవాళ్లు ఇక్కడ ఒక గంట తప్పక ఆగాలి. చివరి స్టేషను నాంట్ గ్వెర్నోల్‌కు మోటారు దారి లేదు, కాలిబాట, రైలు, అంతే. పూర్వం అక్కడిదాకా రాయి మోసే వ్యాగన్లు మాత్రమే తిరిగేవి. ఆ చివరి ముక్కను మనుషులు ప్రయాణించే లైనుగా మార్చి 1976లో తెరిచింది స్వచ్ఛంద కార్యకర్తలే. వారాంతాల్లో వచ్చి కొండరాయి కొట్టి, తవ్వి, పట్టాలు వేశారు. ఉన్నదాన్ని నిలబెట్టడమే గొప్ప అనుకుంటాం, వీళ్లు లైనును పొడిగించారు.

నాంట్ గ్వెర్నోల్‌లో ఇంజను ఈ చివర నుంచి ఆ చివరకు మారే పది నిమిషాలు మామగారు ఫైర్‌మన్‌నే చూస్తూ నిలబడ్డారు. ఫైర్‌మన్ ఇరవై ఏళ్ల అమ్మాయి. పార నిండా వేయడం లేదు. కొంచెం బొగ్గు తీసుకుని ఫైర్‌బాక్సులో వెనక మూలకు ఒకసారి, ముందుకు ఒకసారి విసిరి, తలుపు మూసి, పొగ గొట్టం వైపు చూస్తోంది. “పొగ నల్లగా లేస్తే ఫైర్‌మన్‌కు పని రాదని మా డ్రైవరు తిట్టేవాడు. ఈ పిల్లకు వచ్చు” అన్నారు మామగారు. నేనది ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, ఇంజన్లు తుడిచే క్లీనరుగా పద్నాలుగేళ్లప్పుడు చేరానని, ఫైర్‌మన్ పరీక్ష పాసయ్యి ఏడాది అయిందని చెప్పింది. “నేనూ క్లీనరుగానే చేరాను” అన్నారాయన తెలుగులోనే.

తిరుగు దారిలో అబెర్‌గనోల్విన్ స్టేషనులో టీ తాగడానికి సమయం ఇస్తారు. టీ బాగుంది. వెల్ష్ కేకులు పెనం మీద కాల్చినవి, ఎండుద్రాక్షతో, వేడిగా తింటే మన బొబ్బట్టు గుర్తొస్తుంది. శాకాహారులు ఒక్కటి అడగాలి, పాతపద్ధతిలో వీటిలో పందికొవ్వు వేస్తారు. కౌంటరు దగ్గరి పెద్దావిడ అడగగానే లోపలికి వెళ్లి పొట్లం మీది వివరాలు చదివి వచ్చి చెప్పింది. ఆవిడ కూడా కార్యకర్తే. భోజనం విషయంలో మాత్రం మార్కులు తక్కువే. శాకాహారులకు శాండ్‌విచ్, సూపు, బంగాళదుంప తప్ప చెప్పుకోదగ్గది కనిపించలేదు. పులిహోర కట్టుకుని వెళితే హాయి.

పెట్టెల్లో మరుగుదొడ్డి లేదు, బయలుదేరే ముందే చూసుకోవాలి. పాత పెట్టెల్లో చెక్క బల్లలు, మోకాళ్లు ఎదుటివారికి తగులుతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లు మెత్తలున్న కొత్త పెట్టె అడగండి. చక్రాల కుర్చీ అవసరమైతే ముందుగా ఫోను చేయాలి. రైళ్లు ముఖ్యంగా ఈస్టరు నుంచి అక్టోబరు చివరిదాకా తిరుగుతాయి, అదీ అన్ని రోజులూ కాదు. వాన మాత్రం ఎప్పుడైనా వస్తుంది, మాకు మూడింటిలో రెండు రోజులు వచ్చింది.

రెండేళ్ల కిందట ఉత్తరాన పోర్త్‌మాడాగ్ నుంచి నడిచే ఫెస్టినియోగ్ రైలు ఎక్కాం. అక్కడ కూర్చున్న చోటికే తిండి తెచ్చిపెడతారు, కొండలూ ఎత్తు, ఇంజన్లూ పెద్దవి. ఒక్క రైలే చూసే వీలున్నవారు, సౌకర్యం కోరేవారు అటే వెళ్లవచ్చు. రైలు నడిపే మనిషితో మాట్లాడాలనుకునేవారు మాత్రం టవిన్ రావాలి. ఇక్కడ ఎవరికీ తొందర లేదు. ఏది అడిగినా పని ఆపి చెబుతారు.

వార్ఫ్ స్టేషనులోనే చిన్నగేజి రైళ్ల మ్యూజియం ఉంది. పిల్లల కోసం థామస్ ఇంజను కథలు రాసిన రెవరెండ్ ఆడ్రీ 1950ల తొలినాళ్లలో ఇక్కడ కార్యకర్తగా గార్డు పని చేశాడు. ఆయన రాతగదిని అందులో తిరిగి అమర్చారు. మా అబ్బాయి అక్కడి నుంచి కదలనన్నాడు. ఊళ్లో సెయింట్ కాడ్వాన్ చర్చిని కూడా వదలకండి. వెల్ష్ భాషలో దొరికిన అతి పాత రాత అక్కడి రాతిస్తంభం మీద ఉంది, అందాజుగా వెయ్యీ రెండువందల ఏళ్లనాటిది. కడప జిల్లా కలమళ్ల శాసనం అంతకన్నా పాతది, కానీ దాన్ని వెతుక్కుంటూ వెళ్లే తెలుగువాళ్లు ఎందరు? ఇక్కడ స్టేషను బోర్డుల మీద కూడా వెల్ష్ మాట ముందు, ఇంగ్లీషు తరువాత.

చివరి సాయంత్రం ఆఖరి రైలు వచ్చేదాకా ఆగాం. ఆ వారం బొగ్గు గురించి డ్రైవరు, మామగారు చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో నేను దుబాసీని. సౌత్ వేల్స్‌లోని ఫోస్-అ-వ్రాన్ గని 2023లో మూతపడ్డాక ఆవిరి రైళ్లకు మంచి బొగ్గు దొరకడం కష్టమైందని డ్రైవరు అన్నాడు. సింగరేణి బొగ్గుకు బూడిద ఎక్కువ, మంట నిలపాలంటే చేయి తిరగాలని మామగారు చెప్పారు. మీ షెడ్డు ఇప్పుడు ఎలా ఉందని డ్రైవరు అడిగాడు. మామగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “పాడుబడింది బాబూ. మాలో ఒక్కరికీ ఇలా చేయవచ్చని తోచలేదు” అన్నారు. ఇది నేను తర్జుమా చేయలేకపోయాను. డ్రైవరుకు అర్థమైనట్టే ఉంది.

పక్కనే ఆ ఫైర్‌మన్ అమ్మాయి ఇంజను చక్రాలను కలిపే సైడ్ రాడ్ తుడుస్తోంది. మామగారి చూపు దాని మీదే ఉండటం గమనించి, చేతిలోని నూనెగుడ్డను రెండుగా చించి ఒక ముక్క ఆయనకు ఇచ్చింది. ఆయన స్వెట్టరు చేతులు పైకి మడిచి, మోకాళ్ల నొప్పి సంగతి మరచి వంగి, రాడ్ అవతలి చివర నుంచి మొదలుపెట్టారు. ఇల్లు చేరేసరికి ఎనిమిదైంది. చేతులు కడుక్కోమంటే, భోజనానికి పిలిచినప్పుడు కడుక్కుంటాలే అమ్మా అన్నారు.